మంచులో పడినవాడు

"కథానాయకుడు మంచులో పడిపోయాడు. నాటకం సమాప్తం. ఇదేం ముగింపు మామయ్యా?"

మేనల్లుడు స్క్రిప్టు బల్ల మీద పెట్టాడు. రేడియోలో నాటకాల విభాగానికి ఇప్పుడు అతనే అధికారి.

రచయితకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా రేడియోకి రాస్తున్నాడు. కళ్లు సహకరించడం లేదు, ఇదే నా ఆఖరి నాటకం అని ఊరంతా చెప్పుకున్నాడు. ఇంట్లో పాత పుస్తకాల్లో దొరికిన, అట్టలూడిన ఆ రష్యన్ నవలను ముందేసుకుని, ఏడు నెలలు కూర్చుని, ఏడొందల పేజీల్ని పదమూడు వారాలకు కుదించాడు.

"ఆ మహానుభావుడు అక్కడే ఆపాడు. నేనూ అక్కడే ఆపాను."

"మరి చెల్లెలు రాసిన ఉత్తరం? ఎవరూ విప్పనే లేదు. ఇల్లొదిలి పారిపోయిన పెద్దకొడుకు ఏమయ్యాడు? శ్రోతలు నన్ను పీక్కు తింటారు."

"జీవితంలో అన్ని ఉత్తరాలూ విప్పుతామా? అదిరా సాహిత్యమంటే! అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడానికి అదేమైనా సబ్బు ప్రకటనా?"

"అసలు నవల పూర్తిగా చదివావా మామయ్యా?"

స్టూడియో అద్దం అవతల వైర్లు సర్దుతున్న ఇంజనీరు కూడా తలెత్తి చూశాడు.

"నన్నా అడుగుతున్నావు? నీకు అ ఆలు దిద్దించినవాణ్ణి! నాలుగుసార్లు చదివాను. నువ్వెన్నిసార్లు చదివావు?"

"నేను... స్క్రిప్టే చదివాను."

"మరి నోరు మూసుకో!"

మేనల్లుడి మొహం ఎర్రబడింది. అయినా గొంతు తగ్గించాడు. "ఒక్క సీను రాయి. దారినపోయేవాళ్లెవరో చూసి వాణ్ణి లేపినట్టు. లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు. నీ ఆఖరి నాటకం, చేజేతులా పోగొట్టుకోకు."

"ఆయన చంపినవాణ్ణి నేను బతికించాలా? నా కంఠంలో ప్రాణముండగా జరగదు!"

స్క్రిప్టు లాక్కుని అడ్డంగా చింపాడు. చేత్తో రాసిన ఒకే ఒక్క ప్రతి అది. దొంతర మందంగా ఉండి ఒక పట్టాన చిరగలేదు. పళ్లు బిగించి, పది పది కాగితాలుగా విడదీసి మరీ చింపాడు. మేనల్లుడు చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టాడు.

"ఇక నా గడప తొక్కకు. మీ అత్తయ్యకు ఫోన్ కూడా చెయ్యకు!"

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. దారి పొడుగునా తనలో తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు చెరో మూలకు విసిరాడు.

"మా అక్క కొడుకు నిర్వాకం విన్నావా? ఆ ముగింపు వాడికి చాలదట! ముఖాన చింపి పారేసి వచ్చాను!"

కిటికీ పక్కన కూర్చున్న భార్య తల కూడా ఎత్తలేదు.

"అబ్బ, కాసేపు అరవకండీ, అటక మీద మీ నవల రెండో సంపుటం దొరికింది, మంచులో పడినవాణ్ణి ఇప్పుడే ఎవరో బండిలోకి ఎక్కిస్తున్నారు."