నాయన ముట్టని కోడిపిల్ల

కోడిపిల్ల ఇంకా బతికే ఉంది.

బతికి ఉండటమే కాదు, కొండచిలువ చుట్టల మీదెక్కి కునుకు తీస్తోంది.

హ్వేఫా గుమ్మంలోనే కూలబడింది.

"ఎలుక వద్దు, పిట్ట వద్దు, కోడిపిల్లా వద్దు. ఏం కావాలి నాయనా నీకు?"

నాయన బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకున్నాడు.

వచ్చి నెల దాటింది. ఇంతవరకు ఏమీ ముట్టలేదు.

వీదా ఊళ్లో కొండచిలువ ఇంట్లోకొస్తే తరిమేవాళ్లు లేరు. నాయనా అని మోకరిల్లుతారు. మర్నాడు మెడలో వేసుకుని పాముల గుడికి చేరుస్తారు.

హ్వేఫా చేర్చలేదు.

కోడలు సెనామికి రెండు కాన్పులు దక్కలేదు. మూడోసారి నెలలు నిండుతుండగా నాయన వచ్చాడు. అదీ పురిటికని సర్దిన గదిలోకి. తలకంటే ఎత్తున ఉన్న ఆ కిటికీలోంచి ఎలా దిగాడో ఎవరికీ అంతుపట్టలేదు. పైగా తోక దగ్గర తెల్లటి మచ్చ, గుడిలో పెట్టే బొట్టులా. ఇంతకంటే ఏం రుజువు కావాలి? కాన్పు అయ్యేదాకా ఆయన ఇక్కడే అనుకుంది.

ఇప్పుడు ఆయన తిండి మానేసి తన ఇంట్లోనే ప్రాణం వదిలితే? మనిషికి చేసినట్టే అంత్యక్రియలు చేయవచ్చు. కోడలి కడుపు మాటేమిటి?

"నీ వడ్డనకు అలిగాడేమోనే" అంది పక్కింటి అఫియావి, గోడ మీద నుంచి. "నీ మొగుడూ అంతేగా. ముద్ద ముందు పెట్టుకుని మూతి ముడిచేవాడు."

"నోరు మూసుకో. ఇక్కడ నా ప్రాణం పోతుంటే!"

"గుడికి ఇచ్చెయ్యరాదూ?"

"ఇస్తే కోడలికి తోడెవరు?"

"ఉంచితే చచ్చిపోతాడేమో అంటావు, ఇస్తే కోడలేమైపోతుందో అంటావు. నాకైతే ఏమీ పాలుపోవడం లేదు తల్లీ."



ఆ మాటల మధ్యే గేటు దగ్గర ఆ మనిషి మళ్లీ కనిపించాడు.

గుండు తల, చేతిలో గోనెసంచి. ఇంతకు ముందు కూడా వచ్చి, ఏమీ అడక్కుండా నిలబడి వెళ్లిపోయాడు.

"లోపల ఇద్దరూ బాగున్నారా అమ్మా?"

"ఇద్దరెవరు?"

"మీ కోడలు. ఇంకా... ఆవిడ."

"నాయనను పట్టుకుని ఆవిడంటావా? కళ్లు పోతాయి!"

అతను తల వంచుకున్నాడు. సంచి మూతి విప్పాడు. నిండా తడి ఆకులు.

"ఇవి గది మూల పరవండి. ఆ కోడిపిల్లను తీసేయండి. ఆవిడకు ఇప్పుడు ఆకలుండదు. భయపడకండి."

నిండు గర్భిణి ఉన్న ఇంట్లోకి ఎవడో తెచ్చిన ఆకులా! హ్వేఫా చూపు అతని చేతుల మీద పడింది. మోచేతుల దాకా ఎర్రమట్టి, గోళ్లలో ఎర్రమట్టి.

పాముల కలుగులు తవ్వేవాళ్ల చేతులవి. తవ్వి తీసి వ్యాపారికి అమ్ముతారు. అతను విమానాలెక్కించి పంపిస్తే, సముద్రాల అవతల ఎవరో అద్దాల పెట్టెల్లో పెట్టుకుని పెంచుకుంటారట.

"దొంగ వెధవా! నాయనను ఎత్తుకుపోవడానికి వచ్చావా?"

"ఎత్తుకుపోవాలంటే అమ్మా, నేను..."

అతని చూపు పురిటిగది కిటికీ మీదికి వెళ్లింది.

హ్వేఫా చేతికందిన రోకలి విసిరింది. అది నుదుటికి తగిలింది. అతను నెత్తురు తుడుచుకున్నాడు, సంచి అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే సెనామి కేక పెట్టింది.

"అత్తా! నాయన గుడ్లు పెట్టాడు!"

"ఏం కూతే అది?"

"నువ్వే చూడు!"

చుట్టల సందుల్లోంచి తెల్లటి గుడ్లు కనిపించాయి. హ్వేఫా నోటి మీద చేయి వేసుకుంది. ఇన్నాళ్లూ మొక్కింది ఎవరికి? నాయనకా, అమ్మకా? సెనామి పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు. నవ్వుతూనే గేటు దగ్గరి సంచి తెచ్చి, ఆకులు మూల పరిచింది. అత్త వద్దనలేదు.

నెల తిరక్కుండానే సెనామికి ఆడపిల్ల పుట్టింది. కేరుకేరున ఏడ్చింది.

ఆ ఏడుపు వినిపిస్తుండగానే వ్యాపారి మనిషి మోటారు సైకిలు మీద గేటు ముందు ఆగాడు.

"అమ్మా, తోక దగ్గర తెల్ల రంగు పూసిన పాము ఇటేమైనా వచ్చిందా? గుడ్లతో ఉన్నవాటికి మేం పెట్టే గుర్తది. మా తవ్వేవాడు ఒకదాన్ని దాచేశాడు."

హ్వేఫా గేటు పట్టుకుంది. "ఎందుకని?"

"ఎందుకేముంది, పిచ్చి! పెళ్లాం పురిట్లో పోయింది. గుండు చేయించుకుని వచ్చాడు. కడుపుతో ఉన్నదాన్ని నేను పంపనన్నాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఎవరు కొట్టారో, నుదురు పగిలి ఉంది. సరిహద్దు దాటి పోయాడట. ఇక రాడు."

"ఇటేమీ రాలేదు బాబూ" అంది హ్వేఫా. అతను వెళ్లేదాకా గేటు పట్టుకునే నిలబడింది.

తర్వాత ఇంటి పక్కకు నడిచి, పురిటిగది కిటికీ వైపు మొదటిసారి తలెత్తి చూసింది.

చట్రం మీద, చేయి చాపితే అందేటంత ఎత్తున, ఎండిన ఎర్రమట్టి వేళ్ల గుర్తులు.