మూడు సెకన్ల అనుమానం

గల్ఫ్ కోర్టుల్లో సాక్షులతో పని లేకుండా పోయి చాన్నాళ్లయింది. తలకు పట్టీ కడితే చాలు, మనసులో ఏముందో యంత్రమే చెప్పేస్తుంది. ఇంటిపనికి వచ్చిన రాయచోటి రెడ్డిరాణి పెట్టెలో, ఊరగాయ సీసా అడుగున మత్తుమందు దొరికింది. ఆమెకూ పట్టీ కట్టారు.

“సీసా అందుకున్నప్పుడు మూడు సెకన్లు అనుమానపడ్డావు,” అంది యంత్రం.

“పడినా సార్. మూత తీసి చూద్దామనుకుంటి. ఇచ్చింది మా వదిన. ఎదురుగానే నిలబడుకోనుండె. ఆయమ్మ ముందర ఎట్ల తీసేది? మొగమాటమాయె.”

యంత్రం కాసేపు వెతికింది. మొహమాటాన్ని కొలవడం దానికెవరూ నేర్పలేదు. అనుమానం ఒక్కటే లెక్కలోకొచ్చింది. పదేళ్లు పడ్డాయి.

జైలు నుంచి కూతురితో మాట్లాడటానికి రెడ్డిరాణికి రెండు నిమిషాలిచ్చారు. ఏడుపు ఆపుకుని చెప్పింది:

“ఆ సీసా సంగతి మీ అత్త దగ్గర ఎత్తొద్దు మే. నొచ్చుకుంటాది.”