తేనెపెట్టెలపై ఆకాశరామన్న

"ఈ రెండు పెట్టెలూ ఇవాళే దించేయాలి" అన్నాడు మున్సిపల్ ఇన్‌స్పెక్టర్, మిద్దె మీద అడుగు పెట్టీ పెట్టగానే.

దర్జీకి ఒళ్లు మండింది. మెడలో టేపు కూడా తీయకుండా మెషీను దగ్గర్నుంచి ఆయన వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. ఆ తేనెపెట్టెలు ఎక్కడో కొన్నవి కావు. మిద్దెల మీద తేనెటీగల్ని పెంచండంటూ మున్సిపాలిటీయే నేర్పించి మరీ అతని భార్య చేతిలో పెట్టినవి. కాజాలు కుట్టమంటే ఈగల కబుర్లు చెబుతుందని అతను నలుగురిలో విసుక్కుంటాడు గానీ, ఆ విసుగులో సగం గొప్పే.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఉత్తరం తీసి చదివాడు. తేనెటీగలు పిల్లా పెద్దా తేడా లేకుండా కుడుతున్నాయట. వీధిలో తల ఎత్తుకుని నడవలేకపోతున్నారట. కింద పేరు లేదు, 'బాధితులు' అని మాత్రం ఉంది.

దర్జీ అనుమానం మొదటి అంతస్తు మాస్టారి మీదికి పోయింది. కుళాయి చుక్క కారినా కాగితం రాసే మనిషి. సరిగ్గా అప్పుడే ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి రానే వచ్చాడు. ఇక పెట్టెలు పోయినట్టే అనుకున్నాడు దర్జీ.

కానీ మాస్టారు ఇన్‌స్పెక్టర్నే నిలదీశాడు. మూడేళ్లుగా పిందెలన్నీ రాల్చుకుంటున్న తన గుమ్మడి పాదు ఈగలొచ్చాక తొమ్మిది కాయలు కాసిందని, పెట్టెల జోలికొస్తే కమిషనర్ దాకా వెళ్తానని చెప్పాడు. పక్కింటి నర్సు కూడా వచ్చి, తన పిల్లలిద్దరూ రోజూ ఈ పెట్టెల పక్కనే ఆడుకుంటారని, ఇంతవరకూ ఒక్క ఈగా కుట్టలేదని చెప్పింది.

దర్జీ భార్య వాదనకు దిగలేదు. ఉత్త చేతులతో మూత తీసి, ఈగలు ముసురుకున్న చట్రాన్ని మెల్లగా పైకెత్తింది. ఇన్‌స్పెక్టర్ నీళ్ల ట్యాంకు చాటుకు తప్పుకున్నాడు. ఈగలు వాటి పని అవి చూసుకున్నాయి. ఆమె చట్రాన్ని దించేసి, ఇంట్లోంచి ఓ సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. సీసా నిండా చచ్చిన ఈగలే.

"పార్కులో పూల మీద మీవాళ్లు పొద్దున్నే మందు కొడుతున్నారు సార్. ఆ వేళకి ఇవి పూల మీదే ఉంటాయి. సాయంత్రం గూటికి చేరాక కొట్టించండి. పెట్టెలూ మీరే ఇచ్చి, మందూ మీరే కొడితే ఎలా?"

దర్జీ ఛాతీ ఉప్పొంగింది. వెళ్లి ఆమె పక్కన నిలబడి, ఎవరూ అడక్కుండానే "మా ఆవిడండీ" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ సీసాని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అక్కడి నుంచే పార్కు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, రేపట్నుంచి పొద్దుగూకాకే మందు కొట్టాలని చెప్పాడు. ఉత్తరం మీద 'విచారించాను, నిజం కాదు' అని రాసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు.

అందరూ దిగి వెళ్లాక దర్జీ భార్య వైపు తిరిగాడు. "నిన్ను చూస్తే గర్వంగా ఉంది. అయినా సరే, ఆ ఆకాశరామన్న ఎవడో పట్టుకునేదాకా నాకు నిద్ర పట్టదు."

ఆమె పెట్టె మూత సరిచేస్తూ గొంతు తగ్గించింది. "మందు వేళ మార్చమని ఆర్నెల్లుగా అర్జీలు పెడుతుంటే ఒక్కరూ రాలేదండీ. కుడుతున్నాయని ఒక్క ఉత్తరం రాశాను, మూడో రోజుకల్లా మిద్దెక్కారు."