స్టేషన్ వైపు ఫాల్ట్

లైన్‌మన్ జీవరాజు పోయిన వానాకాలం రామచంద్రపురం దగ్గర తెగిపడిన తీగ తగిలి, వరిచేలోనే చనిపోయాడు. అతని భార్య వినీలకు సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం ఇచ్చారు.

ఈ వానాకాలం ఒక రాత్రి, వానలో, అదే లైను ట్రిప్పయి ఆగిపోయింది. కరెంటు ఎటువైపు భూమిలోకి దిగిందో రిలే చూపిస్తుంది. వినీల చూసింది. లైను వైపు కాదు, స్టేషన్ వైపే.

టార్చి పట్టుకుని యార్డంతా వెతికింది. ఎక్కడా ఏమీ కనబడలేదు. ఇంజినీరు రమేష్ బాబు గారికి ఫోన్ చేసింది.

“రిలే పొరబడి ఉంటుందమ్మా. ఊళ్ళన్నీ చీకట్లో ఉన్నాయి. సప్లై ఇచ్చెయ్యి.”

ఆమె స్విచ్ మీద చెయ్యి వేసింది. వెనకాల గచ్చు మీద నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. చేలో బురద వాసన గదంతా నిండింది.

“వినీలా, నేనింకా తీగ వదల్లేదు,” అన్నాడు జీవరాజు మెల్లగా.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే అక్కడ ఉండడేమోనని భయం.

“ఇవ్వనండి,” అని ఫోన్ పెట్టేసి, స్విచ్ మీంచి చెయ్యి తీసేసింది.

టేబుల్ మీద ఫోన్ మళ్ళీ మళ్ళీ మోగుతూనే ఉంది. నీటిచుక్కల చప్పుడు ఆగిపోకూడదని, ఊపిరి బిగబట్టి వింటూ కూర్చుంది.