పాల మీద ప్రసంగం

నా భార్య మార్టలీనాది అరుదైన జబ్బు. చర్మంలో, రక్తనాళాల్లో సున్నం పేరుకుంటుంది. ఎముకలేమో గుల్లబారి, తుమ్మినా విరిగేవి. ఆ సున్నం పాలదే అనుకొని, మా కరూ ప్రాంతపు ప్రార్థన మందిరంలో పాస్టరుగా పాల మీద గర్జించాను. ఇంట్లో చుక్క ఉంచలేదు.

ఎముకల కోసం ఏడాదిపాటు ఇచ్చిన సూదిమందు ముగిశాక డాక్టరమ్మ పరీక్ష చేసింది. "ఎముకలు గట్టిపడ్డాయి!"

"హల్లెలూయా! పాలు మాన్పించాను కదా!"

"అయ్యో పెద్దాయనా! నాళాల్లో సున్నానికి పాలు కారణం కాదు. పాలు మానితే ఈ మందే పట్టదు!"

నేను మార్టలీనా వైపు తిరిగాను. "మరి మందెలా పట్టింది?"

మార్టలీనా కిసుక్కుమంది. "భోజనానికి ముందు కళ్లు మూసుకొని పావుగంట ప్రార్థిస్తారు కదండీ. పొరుగావిడ కిటికీలోంచి పాలు అందించేది. గుటగుటా తాగేసి ఆమేన్ అనేదాన్ని."

బైబిల్లో ఏలీయా ప్రవక్తను కాకులు తిండి తెచ్చి పోషించినట్టు! నవ్వాపుకోలేక కేకపెట్టాను. "చూశారా డాక్టరమ్మా, ప్రార్థనే బాగుచేసింది!"