నాలుగో రోజు చేతిరాత

"ఇది మీరే రాశారా మేస్త్రి గారూ?"

నర్సు నోటుపుస్తకాన్ని మంచం మీద కూర్చున్న మేస్త్రి కళ్ళ ముందు పెట్టింది. మొదటి మూడు రోజులూ ఒకటే వాక్యం, ముత్యాల్లాంటి అక్షరాలతో: 'దేవుడి దయవల్ల నేను బాగున్నాను.' నాలుగో రోజున అదే వాక్యం తాగినవాడి నడకలా మెలికలు తిరిగింది. సగం అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.

"నేనే. ఇంకెవరు రాస్తారు?" అన్నాడు మేస్త్రి, పుస్తకం వంక చూడకుండానే.

నర్సు పరుగున వెళ్ళి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది.

మేస్త్రిది రక్తపు క్యాన్సర్. అందరికీ ఇచ్చే మందులు అతనికి పనిచేయలేదు. అతని నెత్తురులోంచే కణాలు తీసి, అతని జబ్బును గుర్తుపట్టేలా తర్ఫీదు ఇచ్చి, మళ్ళీ అతనికే ఎక్కించారు. ఆ రోజు నుంచి నోటుపుస్తకంలో రోజూ ఒకే వాక్యం రాయమన్నారు. "మీ కణాల్ని బడికి పంపి చదివించాం" అని ఆరోజు డాక్టరమ్మ అంటే అందరూ నవ్వారు. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు.

"ఇప్పుడు ఏ నెల? వందలోంచి పదేసి తీసేస్తూ చెప్పండి" అంది డాక్టరమ్మ.

మేస్త్రి గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. "లెక్క తప్పితే గోడ కూలుతుందమ్మా."

డాక్టరమ్మ నవ్వలేదు. "మాట బాగానే ఉంది, రాత పాడైంది. ఈ వైద్యంలో మెదడు వాస్తే ఒక్కోసారి ముందు చేతిరాతలోనే తెలుస్తుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకురామ్మా."

"అది ఇస్తే తగ్గుతుందా?" మంచం పక్కనున్న మేస్త్రి భార్య కొంగు నలుపుతూ అడిగింది.

"వాపు తగ్గుతుంది. కాకపోతే మనం ఎక్కించిన కణాల జోరు కూడా తగ్గొచ్చు. అయినా తప్పదు."

నర్సు సిరంజిలోకి మందు లాగింది. మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బతకనివ్వమని దేవుణ్ణి అడిగాడు గానీ, దానికి వెలగా తన పరువే అడుగుతాడని అనుకోలేదు.

"ఆగండమ్మా. ఆ రాత నాది కాదు."

"మరెవరిది?"

"మా ఆవిడది. చెయ్యి లాగుతోందని చెప్పి రోజూ పుస్తకం తనకిచ్చేవాణ్ణి. వెలుతురు బాగుంటుందని వరండాలోకెళ్ళి రాసుకొచ్చేది."

"ఎదురుగా నిలబడి రాయించమని చెప్పానా లేదా?" డాక్టరమ్మ నర్సు మీద విరుచుకుపడింది. నర్సు తల దించుకుంది. "చెయ్యి నొప్పయితే మాతో చెప్పొద్దూ మేస్త్రి గారూ?"

"నొప్పి లేదు." మేస్త్రి గోడవైపు తిరిగాడు. "నాకు చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు. పది పాసయ్యాడని చెప్పి మావాళ్ళు నాకు పెళ్ళి చేశారు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే పేపరు తిరగేస్తూ బొమ్మలు చూస్తున్నాను. పది చదివిన ఇల్లాలు... ఆవిడ ముందు ఎలా చెప్పను?"

భార్య ముఖం చూసే ధైర్యం అతనికి లేదు. తన ఒంట్లో కణాలకు కూడా చదువొచ్చింది, తనకే రాలేదు.

డాక్టరమ్మ పెన్ను అతని చేతికిచ్చింది. "నాకో తలుపు గీయండి. పక్కన కిటికీ."

మేస్త్రి గీశాడు. తలుపు, కిటికీ, పైన సన్‌షేడ్. స్కేలు పెట్టి గీసినట్టే వచ్చాయి.

"మెదడు బంగారంలా ఉంది. ఇంజెక్షన్ వద్దు" అంది డాక్టరమ్మ. నోటుపుస్తకం మూయబోతూ ఆగి, అతని భార్యవైపు తిరిగింది. "మరి మీ రాతకేమైందమ్మా ఇవాళ? ఒంట్లో బాగాలేదా?"

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పది పాసయిందని మావాళ్ళూ ఈయనకి అలాగే చెప్పారమ్మా. మూడు రోజులూ పక్కగది ఆవిడ రాసిపెట్టింది. నిన్న వాళ్ళు ఇంటికెళ్ళిపోయారు. ఇవాళ పై వరుస చూసి నేనే గీశాను."