ఎనిమిదో నంబరు

“ఈ ఏడో నంబరు కొట్టెయ్యప్పా,” అంది మద్దమ్మ, ఆసుపత్రి చీటీని బల్ల మీద పరిచి.

1958 ఎండాకాలం. కోసిగి నుంచి ఆమె పొద్దున రైలుకే పట్నం ఆసుపత్రికి వచ్చింది.

గుమాస్తా ఏసేపు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ‘తిమ్మయ్య, మగ్గం పని. అమర్చిన ఇనుప తుంటి కీలు తొలగినది. కారణం: 7.’

“పైకి పంపే లెక్కల పట్టీ కోసమమ్మా ఇది. ప్రతి కారణానికీ ఒక నంబరు వేస్తాం. అంతే.”

“ఏడంటే ఏందో ఆ గోడ మీద రాసుండాది. చదువు.”

అతను చీటీని ఆమె వైపు తోశాడు. ఆమే వేలు పెట్టి కూడబలుక్కుంది. “రోగి... సొంత... అజాగ్రత్త.”

వరండాలో కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు.

“మొండోడు, మంచం దిగి నడిచినాడు, అందుకే జారిందని ఊరంతా అంటాండాది. నా మొగుడు కాలు కింద పెట్టనే లేదు. దుప్పటి మార్చేదానికి మీరే పక్కకు దొర్లించినారు. కాళ్ల నడుమ దిండు పెట్టమని కీలేసిన మద్రాసు డాక్టరు చెప్పింటే, పెట్టలేదు. టక్కుమనింది నాకే ఇనపడె.”

“ఇప్పుడు నంబరు మారిస్తే కీలు పోయి గూట్లో కూచుంటుందా?”

“కూచోదు. నాకు తెలీదా? అయినా మార్చు.”

ఏసేపు విసుక్కుంటూ కింది అరలోంచి రిజిస్టరు లాగి, దుమ్ము దులిపాడు. గోడమీది పట్టిక వైపు చెయ్యి చూపాడు.

“ఒకటి నుంచి ఏడు దాకా ఉన్నాయి. ఆసుపత్రి తప్పుకు నంబరే లేదు. నన్నేం చేయమంటావు?”

“లేకుంటే ఇప్పుడు పెట్టు. ఎనిమిది.”

“నువ్వేమన్నా కలెక్టరువా?”

“కాదు. ఆయప్ప పెండ్లాన్ని. పెట్టేదాకా ఈ బల్ల కాడ్నుంచి కదల్ను. వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ ఆ గోడ చదివి ఇనిపిస్తాంటా.”

మందుల పళ్లెంతో పోతున్న నర్సు కృపమణి ఆగిపోయింది.

“రాయండి ఏసేపుగారూ. ఆ పొద్దు దుప్పటి మార్చినవాళ్లలో నేనూ ఉంటిని. తొందరలో దిండు మర్చిపోయినాము.”

“నీ ఉద్యోగమో?”

“రాయండి.”

ఏసేపు ఏడు కొట్టేశాడు. గోడమీది పట్టిక అడుగున ఎర్ర సిరాతో గీత గీసి రాశాడు: ‘8. ఆసుపత్రి పొరపాటు.’ రిజిస్టరులో, చీటీలో దిద్దాడు.

మద్దమ్మ నిదానంగా, ఒక్కో అక్షరమే చదువుకుని, చీటీని కొంగున ముడేసుకుంది.

మూడేళ్ల కిందట తిమ్మయ్యను పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు పలక చేతబట్టిన ఆమెకు, ఆ చీటీ తనే చదువుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది.